సత్యభామ చేతికి విల్లు ఎవరిచ్చారు?

దీపావళి వస్తే పిల్లలకు చెప్పే కథ ఇంటింటా ఒకటే: నరకాసురుణ్ణి సత్యభామ చంపింది. మనకు వీరనారి అనగానే ముందు నోటికొచ్చే పేర్లలో ఆమె పేరు ఉంటుంది. కానీ ఆ కథ పుస్తకాల్లో ఎలా ఉందో తెరిచి చూసేవాళ్ళు తక్కువ. చూస్తే, ఆడమనిషి వీరత్వాన్ని కథలు ఎంతవరకు ఒప్పుకుంటాయో, ఎక్కడ పగ్గం వేస్తాయో ఆ ఒక్క ఘట్టంలోనే తెలిసిపోతుంది.

సంస్కృత భాగవతం దశమ స్కంధం 59వ అధ్యాయంలో కృష్ణుడు భార్యను వెంటబెట్టుకుని గరుత్మంతుడి మీద ప్రాగ్జ్యోతిషపురానికి వెళ్తాడు. మురాసురుణ్ణి చంపుతాడు, నరకుడి తల చక్రంతో తెగవేస్తాడు. భార్య వెంట ఉందన్న ప్రస్తావనే గానీ ఆమె యుద్ధం చేసిన ఊసు లేదు. తెలుగులోకి వచ్చేసరికి కథ మారింది. 14వ శతాబ్దంలో నాచన సోమన ఆమె చేత బాణాలు వేయించాడు. 15వ శతాబ్దంలో పోతన అదే దారిలో ఇంకా ముందుకెళ్ళి, తెలుగువాళ్ళ నాలుక మీద నిలిచిపోయే పద్యాలు రాశాడు. ఇందుకు ఆ ఇద్దరికీ మనం రుణపడి ఉండాలి. ఈ పోస్టులో నేను పోతనను తప్పుపడుతున్నట్టు కనిపించే చోటల్లా ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పోతన సత్యభామ ద్వారకలో బయల్దేరింది యుద్ధం చెయ్యడానికి కాదు. నువ్వు రాక్షసుల్ని చెండాడుతుంటే చూడాలని ఉంది, నన్నూ తీసుకుపో, చూసొచ్చి నీ మిగతా దేవేరులందరికీ నీ ప్రతాపం చెబుతాను అంటుంది. అక్కడ వినపడేవి తుమ్మెదల ఝంకారాలు కావు, ఏనుగుల ఘీంకారాలు అంటూ కృష్ణుడు సీసపద్యం నిండా వద్దని చెబుతాడు. ఆమె తగ్గదు. వెళ్ళడం మాత్రం చూసేదానిగానే వెళ్తుంది.

ఆ తర్వాత యుద్ధరంగంలో ఆమె లేచి నిలబడే పద్యం, ‘వేణిం జొల్లెము వెట్టి’. ఆమె చేసే పనులు వరసగా చూడండి. జడ ముడివేసుకుంటుంది. నడుము దగ్గర కోకముడి బిగిస్తుంది. నగలు పెట్టుకుంటుంది. పయ్యెద చేత్తో చక్కగా దోపుకుంటుంది. లేచి మొగుడికి ముందు వచ్చి నిలబడుతుంది. పక్కన కాదు, వెనకాల కాదు, ముందు. ఒళ్ళు వంచి పని చేసే ఆడవాళ్ళందరికీ ఈ వరస తెలుసు. జుట్టు కళ్ళలో పడకూడదు, కొంగు చేతికి అడ్డం రాకూడదు, చీర జారకూడదు. విల్లు పట్టినప్పుడైతే ఇంకా ముఖ్యం. నారి చెంప దాకా లాగి వదిలినప్పుడు వేలాడే జుట్టో కొంగో దానికి తగిలితే బాణం గురి తప్పుతుంది. నగలు ఒక్కటి తీసేస్తే ఆ పద్యంలో ఉన్నదంతా యుద్ధానికి పనికొచ్చే సన్నాహమే.

పగ్గం ఆ వెంటనే పడుతుంది. ‘లేమా! దనుజుల గెలువఁగ లేమా’ అని కృష్ణుడు అడ్డుపడతాడు. రాక్షసుల్ని మేం గెలవలేమా, నువ్వెందుకు లేచావు, మానుకో. మానకపోతే ఇదిగో మా విల్లు తీసుకో. విల్లు ఆమెది కాదు, అనుమతి మీద వచ్చింది. ఆ మాటకొస్తే ఆమె విద్య ఎక్కడ నేర్చిందో, ఎవరి దగ్గర నేర్చిందో కథకు పట్టలేదు. అర్జునుడికి ద్రోణుడున్నాడు, కర్ణుడికి పరశురాముడున్నాడు. సత్యభామ సాధన చేసిన ఒక్క రోజు కూడా మనకు కనపడదు.

తర్వాత వచ్చే ‘పరుఁ జూచున్ వరుఁ జూచు’ పద్యం ఎంత అందమైందో వేరే చెప్పక్కర్లేదు. శత్రువును చూస్తుంది, మొగుణ్ణి చూస్తుంది. ఒకవైపు కనుబొమల ముడి, ఒకవైపు చిరునవ్వు. అటు బాణాలు, ఇటు ఓరచూపులు. వీరం, శృంగారం ఒకే పద్యంలో ఇలా కలిపి నడపడం మహాకవి పనే. కానీ విలువిద్య తెలిసినవాళ్ళెవరూ గురి మీంచి కన్ను తిప్పరు. అర్జునుడికి పిట్ట కన్ను తప్ప చెట్టు కూడా కనపడలేదని గొప్పగా చెప్పుకున్న సంప్రదాయమే, సత్యభామ మాత్రం అటు కొడుతూ ఇటు చూడాలంది. ఎందుకంటే ఆమె యుద్ధాన్ని ఒకరు చూస్తున్నారు, ఆ చూసేవాడికి ఆమె అందంగానే కనపడాలి. నగలు పద్యంలోకి వచ్చింది కూడా అందుకే.

ఆమె బాణాలకు నరకుడి సేన చెదిరిపోయాక కృష్ణుడు మెచ్చుకుని, కోరిన ఆభరణాలన్నీ ఇస్తానంటాడు. యుద్ధం గెలిచిన మగవీరుడికి కథలు రాజ్యం ఇస్తాయి, బిరుదు ఇస్తాయి, అర్ధసింహాసనం ఇస్తాయి. ఆమెకు నగలు. నరకుడేమో ఆడదాన్ని ముందుపెట్టి నువ్వు యుద్ధం మానడం మగతనం కాదని కృష్ణుణ్ణి ఎత్తిపొడుస్తాడు. అంటే శత్రువు లెక్కలోనూ యుద్ధం ఆ ఇద్దరి మధ్యే, ఆమెతో కాదు. చివరికి తల తెగింది చక్రంతోనే.

మరి సత్యభామే చంపిందని ఎవరన్నారు? జనం అన్నారు. పుస్తకం ఇవ్వని ఆఖరి దెబ్బ జనం నోటి కథ ఇచ్చింది. కానీ ఊరికే ఇవ్వలేదు. నరకుడికి తల్లి చేతిలో తప్ప చావు లేదనే వరం పెట్టి, సత్యభామను భూదేవి అంశ చేసి, తల్లి కాబట్టి చంపగలిగిందని చెప్పింది. భాగవతంలో నరకుడు పడ్డాక భూదేవి వేరే పాత్రగా వచ్చి, అదితి కుండలాలు కృష్ణుడికి అప్పగించి, మనవడు భగదత్తుణ్ణి కాపాడమని వేడుకుంటుంది. ఆమె, సత్యభామ ఒక్కరే అన్న కథకు ఆ సన్నివేశంలో చోటే లేదు. అయినా జనానికి ఆ కలయిక కావలసి వచ్చింది. విలువిద్య వచ్చు కాబట్టి చంపింది అంటే చాలదనిపించింది. తల్లి అంటేనే సరిపోయింది.

అదే పద్ధతి ఈ రోజుకీ నడుస్తోంది. తెలుగు తెర మీద కథానాయకుడు పది మందిని కొట్టడానికి కారణం అక్కర్లేదు, పరిచయ సన్నివేశం చాలు. కథానాయిక కత్తి పట్టాలంటే ముందు ఆమె మీద అఘాయిత్యం జరగాలి, లేదా బిడ్డ చావాలి, లేదా తాళి తెగాలి. కోపానికి రసీదు చూపిస్తే గానీ లోపలికి రానివ్వరు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికా కామిక్స్‌లో వండర్ ఉమన్ 1941 చివర్లో పుట్టింది. సృష్టికర్త విలియం మార్స్టన్ రాసిన కథల్లో ఆమె నాజీలను మట్టి కరిపిస్తుంది. 1942లో ఆమెను జస్టిస్ సొసైటీ అనే వీరుల బృందంలో చేర్చుకున్నారు, సెక్రటరీగా. ఆ కథలు రాసింది వేరే రచయిత. మగవీరులు పోరుకు పోతుంటే, వాళ్ళలో చాలామందికంటే బలమున్న మనిషి ఆఫీసులో ఉండిపోయేది. 1968లో ఏకంగా ఆమె శక్తులన్నీ తీసేసి బట్టల దుకాణం పెట్టించారు. 1972లో ‘మిజ్’ (Ms.) అనే స్త్రీవాద పత్రిక ఆమెను ముఖచిత్రంగా వేసి పాత రూపంలో నిలబెట్టింది. 1973లో శక్తులు తిరిగొచ్చాయి.

శక్తులు పంచేటప్పుడే తేడా మొదలవుతుంది. 1961లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ బృందంలో ఒకడు సాగుతాడు, ఒకడు మండుతాడు, ఒకడు రాయిలా మారి గోడలు బద్దలుకొడతాడు. సూ స్టార్మ్ మాయమవుతుంది. అంతే, కనపడకుండా పోవడమే ఆమె బలం. రెండేళ్ళు దాటాక, 1964లో, కంటికి కనపడని రక్షణ కవచం సృష్టించే శక్తి ఇచ్చారు. ఆ తర్వాత ఆమెకు పెళ్ళయింది, బిడ్డ పుట్టాడు, అయినా ‘ఇన్విజిబుల్ గర్ల్’గానే ఉంది. ‘ఉమన్’ అనిపించుకున్నది 1985లో. ఆ రోజుల ఆడపాత్రల శక్తులు చాలావరకు ఇలాంటివే: మనసు చదవడం, దూరం నుంచి వస్తువులు కదిలించడం, చేతులు తిప్పి మంత్రంలా ఏదో చెయ్యడం. నిలబడ్డ చోటు నుంచి కదలకుండా, చెమట పట్టకుండా చేసేవి. ముక్కు పగిలే పోరాటం మగవాళ్ళది. పాత్ర ఒంటికి దెబ్బ తగలకపోతే ఆమె ధైర్యం కూడా చదివేవాడికి తగలదు, ఆ పాత్రలు చాలాకాలం పక్కపాత్రలుగా మిగిలిపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఎక్స్-మెన్ కథల్లోని జీన్ గ్రే లాంటి పాత్రకు నిజంగా అపారమైన శక్తి వచ్చినప్పుడు ఏమైంది? ఆమె దాన్ని అదుపు చేసుకోలేకపోయింది, 1980లో చచ్చిపోయింది.

ఇక బొమ్మల సంగతి. జుట్టు విరబోసుకుని, ఎత్తు మడమల బూట్లతో, నడుము మెలితిప్పి ఛాతీ, పిరుదులు ఒకేసారి చదివేవాడి వైపు తిప్పిన భంగిమ. వెన్నెముక ఉన్న మనిషికి అలా నిలబడి దెబ్బ కొట్టడం కుదరదు. 2012లో కొందరు చిత్రకారులు అచ్చం అవే భంగిమల్లో హాక్‌ఐ అనే మగవీరుణ్ణి గీసి ఇంటర్నెట్‌లో పెడితే, అందులో అసహజం ఎంతో చూసినవాళ్ళందరికీ తెలిసింది. స్తనాల ఆకారంలో పోతపోసిన ఇనుప కవచాలు ఇంకో తప్పు. కవచం ఛాతీ ముందు గుండ్రంగా ఉబ్బి ఉండాలి, తగిలిన కత్తి పక్కకు జారిపోవాలి. రెండు గుబ్బలు పెట్టి మధ్యలో లోయ చేస్తే కత్తిమొన జారి సరిగ్గా ఆ లోయలోకే వస్తుంది, దాని వెనక ఉన్నది రొమ్ముటెముక, గుండె. ఒంటిని కాపాడాల్సిన కవచమే దెబ్బకు దారి చూపిస్తుంది. వీటన్నిటి ముందు జడ ముడిచి నడుము బిగించిన పోతన సత్యభామ ఎంత పనిమంతురాలో చూడండి.

మగవాడి కోపం కోసం ఆడదాన్ని చంపడం గురించి కూడా చెప్పాలి. 1994 నాటి గ్రీన్ లాంటర్న్ కథలో వీరుడు ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిస్తే ప్రేయసి శవం ఉంటుంది. 1999లో, తర్వాత కామిక్స్ రచయిత్రి అయిన గెయిల్ సిమోన్ ఇలా చంపబడిన, చెరచబడిన, శక్తులు పోగొట్టుకున్న కామిక్స్ ఆడపాత్రల జాబితా ఒకటి తయారుచేసి ఆ ఫ్రిజ్ పేరే పెట్టింది. ఆమె అడిగిన ప్రశ్న న్యాయమైంది. మగవీరులూ చస్తారు, కానీ ఎక్కువగా పోరాడుతూ చస్తారు, తర్వాతి కథల్లో తిరిగొస్తారు. ఆడవాళ్ళ చావు మాత్రం వేరేవాళ్ళ కథకు పునాదిరాయి. దిద్దుకున్న ఉదాహరణ కూడా ఒకటుంది. 1988లో బార్బరా గోర్డన్ అనే బ్యాట్‌గర్ల్‌ను తుపాకీతో కాల్పించి చక్రాల కుర్చీలో పెట్టారు, అది కూడా ఆమె తండ్రిని హింసించడానికి. మరుసటి ఏడాది రచయితలు కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ ఆమెను వదిలెయ్యకుండా ‘ఆరకిల్’గా మార్చారు. కుర్చీలోనే ఉండి, కంప్యూటర్ల ముందు కూర్చుని, వీరులందరికీ సమాచారం నడిపించే మనిషి. జరిగిన గాయాన్ని చెరిపెయ్యలేదు, గాయం తర్వాత ఆమె చేసే పని రాశారు.

మన దగ్గర వేరే రకం అన్యాయం కూడా ఉంది. పల్నాటి నాయకురాలు నాగమ్మ నలగామరాజు దగ్గర మంత్రి, యుద్ధతంత్రం తెలిసిన మనిషి. కోడిపందెంలో మోసం చేసిందని, అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టిందని వీరగాథ ఆమెను దుష్టురాలిని చేసింది. కారంపూడిలో ఏటా జరిగే వీరారాధన అవతలి పక్షం వీరులకు. ఎత్తులు, మాయోపాయాలు కృష్ణుడు పన్నితే రాజనీతి అని మెచ్చుకునే జనమే నాగమ్మను కుతంత్రమంటారు.

వీటన్నిటి మధ్య నాకు ధైర్యం ఇచ్చేది మేడారం. కరువులో పన్ను కట్టలేమని కాకతీయ సైన్యాన్ని ఎదిరించిన సమ్మక్క, ఆమె కూతురు సారలమ్మ. విల్లు ఎవరిచ్చారన్న ప్రశ్న ఆ కథలో రాదు. వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమైందని, అక్కడ కుంకుమభరిణె దొరికిందని చెబుతారు. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి నాళ్ళలో కోయ పూజారులు గుట్ట మీంచి తెచ్చేది ఆ భరిణెనే. గద్దె మీద విగ్రహం లేదు. ఆమె కళ్ళు ఎలా ఉండేవో, నడుము ఎంత సన్ననో ఎవరూ వర్ణించరు, ఎవరికీ అక్కర్లేదు. లక్షల మంది ఎత్తు బెల్లం మోసుకొచ్చి దండం పెట్టేది ఆమె తెగువకు.

ఇక రుద్రమదేవి. ఆమె మీద వచ్చే కథలు, బొమ్మలు దాదాపు అన్నీ ఇరవై ఏళ్ళ అమ్మాయి చుట్టూ తిరుగుతాయి: మగవేషం, రహస్యం, ప్రేమ. చరిత్రలో ఆమె 1262 ప్రాంతంలో అధికారం చేపట్టి పాతికేళ్ళకు పైగా ఏలింది. దేవగిరి యాదవులను తిప్పికొట్టింది. పెద్ద కుటుంబాల సామంతులు ఎదురుతిరుగుతుంటే కొత్తవాళ్ళను నాయకులుగా పైకి తెచ్చింది. నల్లగొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే సైనికుడు వేయించిన 1289 నవంబరు నాటి శాసనం, ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయాక వాళ్ళ పుణ్యం కోసం చేసిన దానం గురించి చెబుతుంది. తిరగబడ్డ కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడితో పోరులోనే ఇద్దరూ పోయారని చరిత్రకారుల అంచనా. అప్పటికి కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు సింహాసనం ఎక్కే వయసుకు వచ్చాడు.

అంటే ఆమె చివరి దండయాత్ర అమ్మమ్మ వయసులో. కథలు రాసేవాళ్ళను, బొమ్మలు గీసేవాళ్ళను, సినిమాలు తీసేవాళ్ళను నేను అడిగేది ఆ రుద్రమను. నెరిసిన జుట్టు ముడివేసుకుని, పాతికేళ్ళ పాలనలో ఎవరు నమ్మదగ్గవాళ్ళో ఎవరు కాదో తెలుసుకుని, మనవడికి పనులు అప్పజెప్పి, తన సామంతుడి మీదికే గుర్రమెక్కి బయల్దేరిన మనిషిని రాయండి. ఆమెకు మోకాళ్ళ నొప్పులుంటే అవీ రాయండి. పక్కన నడిచే మల్లికార్జున నాయకుడితో దారి గురించి, మేత గురించి, నీళ్ళ గురించి ఏం మాట్లాడి ఉంటుందో రాయండి. మగవేషం ముచ్చట ఇప్పటికే చాలాసార్లు చెప్పారు.