గాడులు చాలవు

చెన్నైకి ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు రెండో పక్షంలో వస్తాయి. అప్పటినుంచి డిసెంబరు దాకా పార్కుల్లో, చెరువుగట్ల మీద ఉన్న చెక్క కాలివంతెనలు సరిగ్గా ఆరవు. జారేది తడి చెక్క ఒక్కటే కాదు, దాని మీద పట్టిన పాచి. రాలిన ఆకులు కుళ్లి అందులో కలిస్తే జిగట పొర తయారవుతుంది. చెట్టునీడ పడేచోట, చూడ్డానికి ఆరినట్టున్నా, కాలు నిలవదు. తెల్లవారుజామున నడకకు వచ్చే పెద్దలకు అక్కడ తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడమే గగనమవుతుంది.

గాడులు గీసిన పలకలు వేయించి పని అయిపోయిందనుకోవడం మన దగ్గర మామూలు. ఆ గాడుల్లో మట్టి, పాచి నిండిపోతాయి, మిగిలిన గట్లు అడుగుల ఒరిపిడికి నున్నబడతాయి. నడిచే దిశలోనే గీసిన గాడులైతే ఆ కాస్త పట్టు కూడా ఉండదు. పలకలు అడ్డంగా పరవాలి. ఒక్కో పలకకు రెండు గాడులు చెక్కి, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో కలిపిన 1 నుంచి 3 మి.మీ. క్వార్ట్జ్ (గట్టి రాతి) రజనును వాటిలో నింపి, పలక కంటే కొద్దిగా ఎత్తుగా నిలపాలి. తడి చెక్కకు ఎపాక్సీ అంటుకోదు, పట్టీ పట్టీగా ఊడొస్తుంది. కాబట్టి ఇది ఏప్రిల్, మే నెలల్లో చెయ్యాల్సిన పని. వానలు మొదలయ్యాక టెండరు పిలిస్తే డబ్బు నీళ్లపాలే. పలకను తడిపి, దాని మీద రబ్బరు ముక్క ఉన్న లోలకాన్ని ఊపి పట్టును కొలిచే లోలకం పరీక్షలో 36 గానీ అంతకు మించి గానీ రావాలని టెండరులోనే రాయాలని మేం కోరుతున్నాం.

జారకుండా కోళ్లగూటి వలను పిన్నులు కొట్టి పరవడం తాత్కాలికమే. వల తుప్పుపట్టి తెగుతుంది, పిన్నులు పైకి లేస్తాయి, చెప్పు చిక్కుకుంటుంది. వార్నిష్ మాత్రం నడిచే పలక మీద ఎప్పుడూ వెయ్యకూడదు.

పలకల మధ్య 6 నుంచి 8 మి.మీ. సందు ఉంచి, అందులో ఇరుక్కున్న ఆకులు సన్నని రేకుతో తీసెయ్యాలి. చెక్క ఉబ్బి కుంచించుకుపోతుంటే మేకులు లేచొస్తాయి, అందుకే మరమేకులు కావాలి. సముద్రపు గాలి తగిలేచోట అవి ఉప్పుగాలికి తుప్పును బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. సెప్టెంబరులో ఒకసారి, వానల్లో పదిహేను రోజులకోసారి, సబ్బునీళ్లతో గట్టి బ్రష్ పెట్టి చెక్క నార వెంబడి రుద్దాలి. వేగంగా నీళ్లు కొట్టే యంత్రం నారను లేపేస్తుంది. బ్లీచింగ్ చెరువులోకి దిగితే చేపలకు ప్రమాదం.

మెరీనాలో దివ్యాంగుల కోసం 2022 నవంబరు చివర్లో తెరిచిన చెక్కదారి డిసెంబరులో మాండూస్ తుఫానుకు దెబ్బతింది. చెక్కతో కట్టేటప్పుడే సంరక్షణకు నిధి, మనిషి, తేదీలు ఖరారు కావాలి.

తనిఖీకి వెళ్లిన ఇంజనీరు పలకల చివర్లను, మరమేకుల చుట్టూ ఉన్న చెక్కను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. మెత్తగా దిగిపోతే చెక్క లోపల కుళ్లినట్టు. ఆ పలకకు రజను పట్టీ వేసి లాభం లేదు, పలకే మార్చాలి.