హాలుకు రంగులు సరే, వెనక తలుపు ఏదీ?

ఉగాదికి మా నాటక సమాజం వాళ్ళం ఒక ఇంటి ద్వారబంధాన్ని రోడ్డు మీద పడుకోబెట్టి రంపంతో కోశాం. నిజం ఇంటిది కాదు లెండి, నాటకంలో ఇంటిది. రీపర్ల మీద ప్లైవుడ్డు కొట్టి చేసిన సెట్టు, ఏడడుగుల ఎత్తు. చెన్నైలో అందరూ కుట్టి యానై అని పిలిచే చిన్న వ్యానులో పెరంబూరు నుంచి తెచ్చుకున్నాం. హాలేమో కొత్తగా బాగుచేసినది. ముందు మెట్లకు గ్రానైటు, గుమ్మానికి అద్దాల తలుపులు, లోపల తళతళలాడే ఫాల్స్ సీలింగు. స్టేజీ పై అంతస్తులో ఉంది. ఒకప్పుడు సామాను ఎక్కించడానికి వెనకవైపు మెట్లుండేవి. రిపేర్లలో ఆ దారి మూసేసి ఏసీ యంత్రాలు పెట్టారు. ముందు మెట్ల మలుపులో మా ద్వారబంధం ఎటు తిప్పినా తిరగలేదు.

"కోసేద్దాం బాబాయ్, టైమ్ అయిపోతోంది" అన్నాడు లైట్ల కుర్రాడు.

"నలభై ఏళ్ళుగా సెట్లు కడుతున్నాన్రా. ఎక్కించలేక కోయడం ఇదే మొదలు" అని గొణుక్కుంటూ పెద్దాయన సంచిలోంచి రంపం తీశాడు.

ఆ హాలు పేరు చెప్పను. చెప్పి లాభం లేదు, అలాంటివి ఊళ్ళో ఇంకా ఉన్నాయి.

పాత హాళ్ళను బాగుచేయాలన్న ఊపు ఈమధ్య చెన్నైలో కనిపిస్తోంది. సంతోషమే. కానీ ఎస్టిమేటు ఎలా తయారవుతుందో ఒకసారి చూడండి. ఇంజనీరు టేపు పట్టుకుని వస్తాడు. గోడలు ఎన్ని చదరపు అడుగులు, ఫ్లోరింగ్ ఎంత, కుర్చీలు ఎన్ని, ఏసీ ఎన్ని టన్నులు. కొలతకు దొరికేవన్నీ కాగితం మీదికి ఎక్కుతాయి. హాలు వాడుకునే మనిషి మాత్రం టేపుకు దొరకడు. మంగళవారం పొద్దున రిహార్సల్‌కు ఎవరొస్తారు, హార్మోనియం పెట్టె ఎక్కడ దించుతారు, డాన్సు ప్రోగ్రాముకు వచ్చిన పాతికమంది ఆడపిల్లలు బట్టలు ఎక్కడ మార్చుకుంటారు? వీటికి ఆ ఫారంలో గడి ఉండదు. నన్నడిగితే రిపేరుకు మొదటి కాగితం ప్లాను కాదు, బుకింగ్ రిజిస్టరు. గత పదేళ్ళలో ఎవరు తీసుకున్నారు, ఎవరు అద్దె విని వెనక్కి వెళ్ళిపోయారు, ఏ నెలల్లో హాలు ఖాళీగా పడి ఉంది? అది చదివాకే మేస్త్రీని పిలవాలి.

సెంట్రల్ స్టేషన్ దగ్గర, రిప్పన్ బిల్డింగును ఆనుకుని ఉన్న విక్టోరియా పబ్లిక్ హాల్ ముందు నిలబడితే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. ఎర్ర ఇటుకల కట్టడం, పక్కన కేరళ ఇళ్ళ కప్పు లాంటిది పెట్టుకున్న గోపురం. రైలు దిగి హడావుడిగా పోయేవాళ్ళలో దాన్ని తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. మద్రాసు తెలుగువాళ్ళకు దానితో ఉన్న చుట్టరికం గుర్తున్నవాళ్ళు ఇంకా తక్కువ. 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి రాజు. డిజైను రాబర్ట్ చిషోమ్‌ది. 1888, 1890 మధ్య కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. ఇంటిపేరులోనే తెలుగు పలుకుతోంది కదా.

1891లో బళ్ళారి నుంచి సరస వినోదిని సభ మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యుల సమాజం అది. చదువుకుని, ఉద్యోగాలు చేసుకునే పెద్దమనుషులు ముఖానికి రంగు వేసుకుని స్టేజీ ఎక్కడం చూసి పమ్మల్ సంబంద ముదలియార్ అనే కుర్రాడికి కళ్ళు తెరుచుకున్నాయి. అదే ఏడాది స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. తమిళ నాటకానికి కొత్త దారి వేసిన ఆ సభ విక్టోరియా హాలులోనే ఏళ్ళ తరబడి నాటకాలు ఆడింది. 1897లో వివేకానందుడు ఉపన్యాసం ఇచ్చింది ఇక్కడే. మద్రాసు మొదటి సినిమా ప్రదర్శన కూడా 1896లో ఇక్కడే జరిగిందని చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు.

ఇదంతా చెప్పుకుని మురిసిపోవడానికి ఎత్తలేదు. ఆ హాలు పుట్టినప్పటి నుంచే పది రకాల పనులకు వాడుకున్నది. కింద ఒక హాలు, పైన ఒక హాలు, ఒక్కోదాంట్లో ఆరువందల మంది పడతారు. తూర్పు వైపు చెక్క గ్యాలరీలో ఇంకో రెండొందల మంది. పొద్దున మీటింగు, సాయంత్రం నాటకం. అలాంటిదాన్ని బాగుచేసేటప్పుడు 'మ్యూజియం చేద్దామా, థియేటర్ చేద్దామా' అని తేల్చుకోబోవడమే తప్పనిపిస్తుంది. బొమ్మలూ ఫొటోలూ పెట్టండి, ఎవరు వద్దన్నారు? అవి గోడలకు ఉంటాయి. నేల మాత్రం మనుషులకు వదలాలి.

స్థలం సంగతి ఒకటుంది. 1886 ఏప్రిల్‌లో మద్రాసు మునిసిపాలిటీ ఈ హాలు ట్రస్టుకు 57 గ్రౌండ్లు (గ్రౌండంటే మద్రాసులో స్థలం కొలత, 2,400 చదరపు అడుగులు) 99 ఏళ్ళ లీజుకు ఇచ్చింది. అద్దె గ్రౌండుకు ఎనిమిది అణాలు. అంటే అన్నీ కలిపి 28 రూపాయల 8 అణాలు. అంత చవగ్గా స్థలం దొరికిన హాలు కూడా పాడుబడింది. 1985తో లీజు గడువు తీరింది. రిపేర్లు మొదలవడం, ఆగడం, పక్కనే మెట్రో తవ్వకాలు, ఇలా ఏళ్ళు గడిచాయి. 2023లో సింగార చెన్నై 2.0 అనే నగర సుందరీకరణ పథకం కింద కార్పొరేషన్ మళ్ళీ పని చేపట్టింది. స్థలం దొరకడం, కట్టడం, రిపేరు చేయడం ఒకసారి జరిగే పనులు. ఏటా వర్షాకాలం ముందు కప్పు ఎక్కి ఆకులు తీసి, నీళ్ళు పోయే గొట్టం శుభ్రం చేసేవాడికి జీతం ఏ పద్దులోంచి వస్తుంది? రావి మొక్క మొలిచేది ఆ పద్దు లేని చోటే.

రావి మొక్క అంటే గోడలు గుర్తొచ్చాయి. అప్పటి మద్రాసు కట్టడాలు సిమెంటువి కావు, డంగుసున్నంవి. గానుగలో నూరిన సున్నం, ఇసుక, కొన్నిచోట్ల కరక్కాయ, బెల్లం నీళ్ళు. సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. గోడకు ఊపిరి ఉంటుందని పాత మేస్త్రీలు అనే మాట ఇదే. దాని మీద సిమెంటు పూత వేసి, పైన ప్లాస్టిక్ పెయింటు కొడితే ఆ తడి బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది. ఉప్పు పేరుకుంటుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. సముద్రం పక్కనున్న ఊళ్ళో ఇంకా తొందరగా. రెండేళ్ళకు పెయింటు బుడగలు కట్టిందంటే పెయింటుది తప్పు కాదు. ప్రారంభోత్సవం నాడు మాత్రం సిమెంటు గోడే నున్నగా కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే.

ఇక నిప్పు భయం. విక్టోరియా హాలు పక్కనే మూర్ మార్కెట్ ఉండేది. 1985లో కాలిపోయింది. ఇప్పుడు లోకల్ రైళ్ళ స్టేషనుకు ఆ పేరు మిగిలింది, అంతే. పై అంతస్తులో ఆరువందల మంది, చెక్క గ్యాలరీ, స్టేజీ మీద వేడెక్కే లైట్లు, నలుచెరగులా తెరలు: ఇవన్నీ ఉన్న పాత హాలుకు రెండో మెట్ల దారి లేకుండా తాళం చెవి ఇవ్వకూడదు. ఆ మెట్లకోసం పాత గోడ పగలగొడితే హెరిటేజ్ వాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే సబబు.

దీనికి దారి వెనకాల ఉంది. పాత కట్టడాన్ని అంటీ అంటకుండా, వెనకవైపు కొత్తగా సన్నటి కట్టడం ఒకటి లేపాలి. అందులో రెండో మెట్లు, సామాను పట్టే పెద్ద లిఫ్టు, బాత్రూములు, కరెంటు ప్యానెల్, ఏసీ యంత్రాలు. నీళ్ళ పైపులూ కరెంటు వైర్లూ పాత గోడల్లో దూర్చే పని తప్పుతుంది. సెట్టు ఎక్కే లిఫ్టులోనే చక్రాల కుర్చీలో వచ్చిన పెద్దావిడా ఎక్కుతుంది. పాతదాని పక్కన కొత్తది కంటికి గుచ్చుకుంటుందని కొందరంటారు. గుచ్చుకోనివ్వండి. పాతదాన్ని అనుకరిస్తూ ఉత్తుత్తి ఆర్చీలు పెట్టడం కన్నా, నేను కొత్తదాన్నే అని చెప్పుకునే గోడ నయం.

శబ్దం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా ప్రాణం అందులో ఉంది. మైకులు లేని రోజుల్లో నటుడి గొంతు చివరి వరస దాకా వెళ్ళేది. చెక్క నేల, చెక్క గ్యాలరీ, వాటి నిండా జనం. జనమంటే శబ్దాన్ని పీల్చుకునే పెద్ద దూదిమూట. మనం ఒక మాట అన్నాక దాని మోత సుమారు ఒక సెకనులో ఆరిపోతే మాట తేటగా వినిపిస్తుంది. రెండు సెకన్లు మోగిందంటే ముందన్న మాట మోత తర్వాతి మాట మీద పడుతుంది. పద్యానికి ఆ మోత ఇష్టం, సంభాషణకు కష్టం. రాగం తీసేవాడికి హాలు తానే శ్రుతి పెట్టినట్టుంటుంది. అదే హాలులో సాంఘిక నాటకం ఆడితే నవ్వు రావలసిన మాట ఎవరికీ వినపడదు. అందుకే రెంటికీ పనికొచ్చేలా, గోడల పొడవునా మందపాటి తెరలు వేలాడదీసి, కావాలంటే లాగేటట్టు, వద్దంటే ముడిచేటట్టు పెట్టుకోవాలి. ఖర్చు పెద్దదేమీ కాదు. దానికి బదులు జరిగేదేమిటంటే చెక్క తీసి టైల్సు వేస్తారు, తలుపులకు అద్దాలు పెడతారు. మోత పెరుగుతుంది. ఏసీ గుర్రుమంటుంది, దాన్ని మించాలని మైకు పెంచుతారు, గోడలు ఇంకా మోగుతాయి. ద్వారబంధం కోసిన రోజు మా రెండో రంగం మొత్తం ఆ ఏసీ పక్కవాద్యంతోనే నడిచింది. ఆపమంటే జనం చెమటకు లేచిపోతారు, ఆపకపోతే మాట పోతుంది. టెన్షన్ అంటే అది.

వాడకం మార్చుకోవడంలో ఈ ఊళ్ళో అన్నిటికన్నా తమాషా కథ కలైవాణర్ అరంగానిది. మౌంట్ రోడ్డు పక్కన ప్రభుత్వ ఎస్టేటులో 1952 మే నుంచి 1956 చివరి దాకా మద్రాసు శాసనసభ కూర్చున్న భవనం అది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మన ఎమ్మెల్యేలు కేకలేసుకున్నదీ అక్కడే. శాసనసభ వెళ్ళిపోయాక పిల్లల నాటకశాల అయింది, బాలర్ అరంగం. 1974లో హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్ బిరుదుతో కలైవాణర్ అరంగం అయింది. తర్వాత ఆ పాత కట్టడాన్ని కూల్చి పెద్దగా కట్టి 2016లో తెరిచారు. కరోనా కాలంలో 2020 సెప్టెంబరులో, దూరందూరంగా కూర్చోవాలి కాబట్టి శాసనసభ మళ్ళీ అక్కడికే వచ్చింది. స్టేజీ, ఎదురుగా కుర్చీలు, మధ్యలో అడ్డు లేని చూపు ఉంటే చాలు, ఎమ్మెల్యేలకైనా పిల్లలకైనా సరిపోతుంది. నాకు మిగిలిన లోటు ఒకటే. చిన్నది పోయి పెద్దది వచ్చింది. మా నాటకానికి నూట యాభై మంది వస్తే పండగ. వెయ్యి కుర్చీల హాలులో ఆ నూట యాభై మంది మధ్య మధ్య పళ్ళు ఊడిన నోరులా కనిపిస్తారు. స్టేజీ మీదున్నవాడికి గుండె జారిపోతుంది.

కాబట్టి కుర్చీలు నేలకు బిగించకండి. ఆరువందల మంది పట్టే హాలును ఒకరోజు రెండొందలకు ముడుచుకోగలగాలి. డిసెంబరులో కచేరీల సీజన్ వస్తే ఎంత అద్దె అన్నా జనం క్యూ కడతారు, అప్పుడు గట్టిగానే తీసుకోండి. మార్చి నుంచి సెప్టెంబరు దాకా మామూలు రోజుల్లో ఖాళీ హాలుకు తాళం వేసి కూర్చునే బదులు, పగటి పూట రిహార్సల్‌కు నామమాత్రపు అద్దెకు ఇవ్వండి. తలుపులు తెరుచుకుంటే గాలి ఆడుతుంది, బొద్దింకలూ చెదలూ ముందుగా కంటపడతాయి. పెళ్ళిళ్ళకు ఇస్తే డబ్బులొస్తాయని ఎవరో ఒకరు అంటారు. ఇవ్వండి, వంట మాత్రం లోపల వద్దు. ఏ తేదీ ఎవరికిచ్చారో అందరికీ కనపడేలా గోడ మీద రాసిపెట్టండి. ఖాళీ ఉన్నా లేదనే మేనేజర్లు మాకు చాలామంది తెలుసు.

మెరీనా ఎదుట మద్రాసు యూనివర్సిటీ సెనేట్ హౌస్ ఉంది, అది కూడా చిషోమ్ కట్టడమే. 2006లో ఎంతో శ్రద్ధగా బాగుచేశారు. లోపల రంగుల అద్దాలూ చిత్రాలూ చూసినవాళ్ళు కళ్ళు తిప్పుకోలేరు. చూసేవాళ్ళకు తెరిచి ఉండేది ఎప్పుడో గానీ లేదు. ఎగ్మూరులో 1896 నాటి మ్యూజియం థియేటర్లో మాత్రం ఇప్పటికీ నాటకాలు ఆడుతున్నారు. స్టేజీ చిన్నదని, వింగ్స్ చాలవని మేం సణుగుతూనే ఉంటాం, మళ్ళీ అక్కడికే పోతాం.

విక్టోరియా హాలుకు ఉన్న అదృష్టం ఏ హాలుకూ లేదు. పార్కింగు కోసం చెట్లు కొట్టక్కర్లేదు, ఎదురుగా సెంట్రల్ మెట్రో ఉంది. చివరి మెట్రో రాత్రి పదకొండు ప్రాంతంలో. నాటకం తొమ్మిదిన్నరకు తెర దించితే పెరంబూరు వాళ్ళూ అంబత్తూరు వాళ్ళూ కూడా పక్కనే లోకల్ రైలెక్కి నిమ్మళంగా ఇల్లు చేరతారు. సూళ్ళూరుపేట నుంచి లోకల్లో వచ్చిన చుట్టాలు మూర్ మార్కెట్ స్టేషనులో దిగి నడిచి రావచ్చు.

మా ద్వారబంధానికి పెద్దాయన మర్నాడే నడుం దగ్గర మడతబందులు బిగించాడు. ఇప్పుడది గొడుగులా మడుచుకుంటుంది, ఏ హాలు మెట్లయినా ఎక్కుతుంది. దూరం నుంచి చూస్తే గీత కనపడదు. మొదటి వరసలో కూర్చున్నవాళ్ళకు కనిపిస్తుంది.