కారు గారి సౌకర్యార్థం

మన ఇళ్లలో పెద్దరికం ఇప్పుడు ఎవరిదో తేలాలంటే గేటు దగ్గర నిలబడి నేల చూడాలి. ఒకప్పుడు వీధిలోంచి లోపలికి రావాలంటే మూడు మెట్లెక్కి అరుగు దాటాలి. తాతలు మోకాళ్లు పట్టుకునైనా ఎక్కారు, కిమ్మనలేదు. తర్వాత కారొచ్చింది. అది మెట్లెక్కదు. అరుగు కొట్టేశాం, మెట్లు పూడ్చేశాం, గేటు నుంచి గుమ్మం దాకా నేల ఎత్తు పెంచేశాం.

ఇందులో కారు తప్పేం లేదు, మున్సిపాలిటీ తప్పు అసలే లేదు. పాత రోడ్డును గీకేసి అంతే మందాన కొత్తది వెయ్యమని 2021లో తమిళనాడు ప్రధాన కార్యదర్శి అధికారులకు రాశారు గానీ, మనది అంత కఠిన హృదయం కాదు. పాతదాన్ని నొప్పించకుండా దాని మీదే ఇంకో ఆరంగుళాల సీసీ పోస్తాం. దాంతో ఇల్లు పల్లంలో పడుతుంది. పల్లంలో ఇల్లు వాస్తుకు పనికిరాదు, పైగా కారు బంపర్ గీసుకుంటుంది. మొరం తోలించి, దాని మీద పార్కింగ్ టైల్స్ పరిచి, రోడ్డుతో సమానం అయ్యామనిపించుకుంటాం.

ఈ శుభకార్యానికి సహకరించనిది గోడ ఒక్కటే. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి బేస్‌మెంట్ మీద, ఇటుక పని మొదలయ్యే ముందు, ఒకటిన్నర అంగుళం వాటర్ ప్రూఫ్ కాంక్రీటు పొర వేసి ఉంటాడు. డీపీసీ అంటారు. నేలలోని తడి ఇటుకల సన్న రంధ్రాల్లోంచి పైకి పాకకుండా అది ఆపుతుంది. బయటి నేల దానికి 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు, కిందనే ఉండాలి. మన టైల్స్ దాన్ని దాటి పైకెళ్లాయి. కాపలావాడు గేటు దగ్గరే ఉన్నాడు, దొంగకు పక్కనుంచి నిచ్చెన వేసింది మనమే.

వానాకాలం వెళ్లేసరికి హాల్లో స్కర్టింగ్ పైన రంగు పొక్కుతుంది. గోరు తగిలిస్తే పుట్టీ పెచ్చుగా చేతిలోకొస్తుంది, దాని వెనక తెల్లటి ఉప్పు నూగులా ఉంటుంది. బీరువాలో పట్టుచీరలు ముక్క వాసన కొడతాయి. అప్పుడు పెయింటర్ వస్తాడు. "డ్యాంప్ ప్రూఫ్ పెయింట్ సార్, పదేళ్లు చూడక్కర్లేదు" అంటాడు. ఆ పదేళ్లు సంక్రాంతికల్లా పూర్తవుతాయి. ఆనక బావగారు నాలుగడుగుల దాకా గోడకు టైల్స్ అంటించమంటారు. అంటిస్తే తడికి ఆరే దారి మూసుకుపోయి, టైల్స్ అంచు దాటి ఐదో అడుగులో దర్శనమిస్తుంది. హర్యానా వాళ్లను పిలిపించి జాకీలతో ఇల్లే లేపుదామనే వాళ్లూ ఉన్నారు. ఉత్త మాట కాదు, లేపుకున్న వాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. నేల దించుకోమంటే ఇల్లు ఎత్తుతాం, వెనక్కి తగ్గడం మన వంశంలో లేదు.

(మచ్చ బాత్రూం గోడకో, పైకప్పు దగ్గరో ఉంటే ఇదంతా మరిచిపోయి ప్లంబర్ని పిలవండి. ఆ పాపం కారుది కాదు.)

అసలు మందు చవకదే, అందుకే ఎవరికీ గౌరవంగా అనిపించదు. గోడ వెంట అడుగు వెడల్పున టైల్స్ పగలగొట్టాలి. డీపీసీ కింద ఆరంగుళాల దాకా తవ్వి కంకర నింపాలి. మిగిలిన నేలకు గోడ నుంచి అవతలికి వాటం పెట్టాలి. రోడ్డు ఎత్తుగా ఉంది గనక గేటు దగ్గర జాలీ వేసిన కాలువ తీసి, నీళ్లను ఏ డ్రెయిన్‌కో కలపాలి. నీళ్లు పోయే దారి చూడకుండా తవ్వితే దాన్ని కోట కందకం అంటారు, రిపేరు అనరు. లోపల పాడైన ప్లాస్టరింగ్ కొట్టేసి, గోడను దాని మానాన ఆరనివ్వాలి. అంగుళానికి నెల అని ఒక మోటు లెక్క. తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు. ఈలోగా చుట్టాలొస్తున్నారని పుట్టీ పెట్టించారో, పెయింటర్ గారి పదేళ్లు మళ్లీ మొదలు.

ఇంట్లో అభ్యంతరాలు వస్తాయి. ఎలివేషన్ పాడవుతుందని ఒకరు, కంకరలో టైరు దిగుతుందని ఇంకొకరు. కాబట్టి పని అయ్యేదాకా కారును వీధిలో పెట్టించండి. వానకు తడుస్తుందన్న బెంగ అక్కర్లేదు, దానికి కవరుంది.