బిడ్డ టోపీ కొసలకు నిప్పు పెట్టకండి

ధనుర్మాసం వచ్చేసరికి ఆ మెసేజీ మళ్ళీ తిరగడం మొదలైంది. "స్వెట్టర్లు అల్లేవారికి తొమ్మిది బంగారు చిట్కాలు" అని దానికి పేరు. "అక్కా, చాలా ఉపయోగం, మన గ్రూపులో పెట్టండి" అంటూ నాకు పంపేవాళ్ళలో నా దగ్గర అల్లిక నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. తిరుపతిలో ఎండలే ఎక్కువ, ఇక్కడ ఊలుతో పనేమిటని బయటివాళ్ళు అనుకోవచ్చు. కొండమీద తెల్లవారుజామున పసిపిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించే కుటుంబాలను అడగండి. మదనపల్లె, పలమనేరు వైపు చలికాలం ఎలా ఉంటుందో అక్కడివాళ్ళను అడగండి. ఈ చిట్కాలు నమ్మి అల్లే చేతులు మన చుట్టూ చాలానే ఉన్నాయి. అందుకే జవాబు రాస్తున్నాను.

చిన్నవి ముందు తేల్చేస్తాను. మూడో చిట్కా: "రంగు ఒకటే అయితే చాలు, లేబుల్ మీది లాట్ నంబరు చూడనక్కర్లేదు." చూడాలి. ఒకేసారి రంగు వేసిన ఉండలకు ఇచ్చే నంబరు అది. దుకాణం ట్యూబులైటు కింద ఒకటే అనిపించిన రెండు ఉండలు పగటి వెలుతురులో వీపు మీద అడ్డగీత గీసినట్టు వేరుగా కనిపిస్తాయి. ఒకే లాట్ దొరకకపోతే రెండు వరుసలు ఒక ఉండతో, రెండు వరుసలు మరో ఉండతో మార్చి మార్చి అల్లండి, తేడా కలిసిపోతుంది. ఐదో చిట్కా: "స్వెట్టర్ చిన్నదైతే తడిపి, బరువు కట్టి వేలాడదీయండి." పొడవు సాగుతుంది, వెడల్పు తగ్గుతుంది. ఛాతీ దగ్గర పట్టనిది ఇంకా పట్టదు. ఇంతకంటే దాని గురించి చెప్పాల్సింది లేదు.

మొదటి చిట్కా చిన్నది కాదు. "నమూనా ముక్క అల్లడం ఊలు దండగ, నేరుగా మొదలుపెట్టండి" అంటుంది. లెక్క వేసి చూడండి. ఛాతీ చుట్టు 100 సెంటీమీటర్లు కావాలి, పుస్తకంలో 10 సెంటీమీటర్లకు 20 కుట్లు అని ఉంది, 200 కుట్లు ఎక్కించారు. మీ చేయి కాస్త బిగుతుగా నడిచి 10 సెంటీమీటర్లకు 22 కుట్లు పడితే ఆ చుట్టు 91 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. చేయి వదులై 18 పడితే 111 దాటుతుంది. రెండు కుట్ల తేడా ఇంత పని చేస్తుంది. 15 సెంటీమీటర్ల చదరపు ముక్క అల్లి, ఉతికి, ఆరాక మధ్యలో 10 సెంటీమీటర్లు కొలిచి లెక్కపెట్టండి. ఉతకకుండా కొలిచిన కొలత కొలతే కాదు. పని అయ్యాక ఆ ముక్కను విప్పేసి వాడుకోవచ్చు కూడా. మరి దండగ ఎక్కడిది?

రెండో చిట్కా చదివాక ఇది మన బజారు ఎరుగనివాళ్ళు రాసినదని నాకు అర్థమైంది. "నంబరు పెరిగేకొద్దీ సూది లావవుతుంది. ఒంటికి 8 నంబరు, అంచు రిబ్బుకు 6 నంబరు వాడండి." రిబ్బు అంటే ఒంటిని పట్టుకునేలా నిలువు గీతలతో అల్లే సాగే పట్టీ. నంబర్ల మాట అమెరికా లెక్కలో నిజమే. అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు, 6 అంటే 4 మిల్లీమీటర్లు. మన దుకాణాల్లో ఎన్నో ఏళ్ళుగా అమ్ముతున్నవి పాత బ్రిటిష్ నంబర్ల సూదులు. వాటిలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. 8 అంటే 4 మిల్లీమీటర్లు, 6 అంటే 5 మిల్లీమీటర్లు. సరిగ్గా తలకిందులు. గాంధీ రోడ్డులో 6, 8 అని అడిగి కొనుక్కొచ్చి ఈ చిట్కా ప్రకారం అల్లితే, బిగుతుగా ఉండాల్సిన రిబ్బు లావు సూది మీద, వదులుగా ఉండాల్సిన ఒళ్ళు సన్న సూది మీద పడతాయి. నడుము దగ్గర అంచు ఒంటిని పట్టుకోకుండా గౌను కుచ్చులా విచ్చుకుంటుంది. పాపం, అల్లినావిడ తన చేతిలోనే లోపం ఉందనుకుంటుంది. లోపం ఆమె చేతిలో లేదు. నంబరు వదిలేసి సూది మీద మిల్లీమీటర్లు చూడండి. అవి ఏ దేశంలోనైనా ఒకటే.

నాలుగో చిట్కా దగ్గర ఆగాను. "పది వరుసల కింద తప్పు కనిపిస్తే అంతా విప్పకండి. ఆ ఒక్క కుట్టును మాత్రం సూది నుంచి జార్చి, తప్పు దాకా దింపి, క్రోషా సూదితో మెట్టు మెట్టుగా పైకి ఎక్కించండి." ఇది ముమ్మాటికీ నిజం. పైగా మనలో చాలామంది నేర్పే పద్ధతి కంటే మేలు. తప్పు కనిపించగానే "విప్పు, మళ్ళీ అల్లు" అని పిల్లలను ఏడిపించే టీచర్లు ఈ ఒక్క చిట్కా నేర్చుకుంటే ఎంతమంది అల్లిక మధ్యలో మానేయకుండా ఉంటారో! అడ్డంగా నాలుగైదు కుట్ల తప్పు అయినా, జడలు మెలితిరిగిన డిజైన్ అయినా ఇది కష్టం, అప్పుడు విప్పాల్సిందే. దారం వెనక ఉంచి వేసే నిట్, ముందు ఉంచి వేసే పర్ల్, ఈ మామూలు వరుసల్లో ఒక్క కుట్టు తప్పితే మాత్రం ఇదే దారి. ఇది రాసినవాళ్ళు ఎవరో నిజంగా సూదులు పట్టుకున్నవాళ్ళు. మిగతా ఎనిమిదీ వాళ్ళు రాసి ఉండరు.

ఎందుకంటే ఆరోది చూడండి. "అంచులు చుట్టుకుపోతుంటే తడి గుడ్డ వేసి బాగా వేడి ఇస్త్రీతో గట్టిగా నొక్కండి." అల్లింది అసలు గొర్రె ఉన్ని అయితే తడి గుడ్డ మీద ఇస్త్రీపెట్టెను నొక్కకుండా, ఆనీ ఆనకుండా ఆవిరి పట్టవచ్చు. ఆరేసరికి అది కుదురుకుంటుంది. మన దగ్గర దొరికే ఉండల్లో ఎక్కువ భాగం ఆక్రిలిక్. అది వేడికి మెత్తబడే ప్లాస్టిక్ జాతి దారం. గట్టిగా నొక్కారంటే రిబ్బులో ఉన్న సాగే గుణం చచ్చిపోతుంది. లాగితే సాగుతుంది, మళ్ళీ దగ్గరకు రాదు. ఉతికినా రాదు, మళ్ళీ ఇస్త్రీ చేసినా రాదు. నెల రోజులు అల్లినది రెండు నిమిషాల్లో పాతగుడ్డలా వేలాడుతుంది. ఇంత చేసినా అంచు చుట్టుకోవడం పూర్తిగా పోతుందా అంటే అదీ పోదు. ఒకవైపు అంతా నిట్, మరోవైపు అంతా పర్ల్ ఉన్న అల్లికకు పక్కలు వెనక్కి, కింది అంచు ముందుకు చుట్టుకునే స్వభావం ఉంటుంది. దానికి మందు అల్లికలోనే ఉంది. అంచున నాలుగైదు కుట్లు రెండువైపులా నిట్ వచ్చేలా గార్టర్ అల్లండి, లేదా తరువాత అంచు నుంచి కుట్లు ఎత్తి రిబ్ పట్టీ వేయండి. అతుకులోకి పోయే పక్కల గురించి అసలు దిగులే వద్దు, కలిపి కుట్టగానే అవే సర్దుకుంటాయి.

ఏడోది, "ముక్కలన్నీ మిషను మీద కుట్టండి, చేతి కుట్టు నిలవదు." చేత్తో అల్లిన గుడ్డ సాగుతుంది, మిషను సూటి కుట్టు సాగదు. పిల్లవాడు తల దూర్చి లాగగానే దారం పుటుక్కున తెగుతుంది. మిషను పాదం కింద అంచు సాగిపోయి అతుకంతా అలలు తేలుతుంది. మొద్దు మొన ఉన్న సూదికి అదే ఊలు ఎక్కించి, రెండు ముక్కలనూ మంచి వైపు పైకి ఉండేలా పక్కపక్కన పరచండి. అంచు నుంచి మొదటి కుట్టుకూ రెండో కుట్టుకూ మధ్య నిచ్చెన మెట్లలాంటి అడ్డ దారాలు కనిపిస్తాయి. ఇటు ఒక మెట్టు, అటు ఒక మెట్టు ఎత్తుతూ పోయి, కొన్ని మెట్లకోసారి మెల్లగా లాగండి. అతుకు ఎక్కడుందో మీకే కనిపించదు. భుజాల దగ్గర మాత్రం ప్రతిసారీ కాస్త వెనక్కి వచ్చి ముందుకు పోయే బ్యాక్ స్టిచ్ వేయండి, స్వెట్టర్ బరువంతా మోసేది అవే.

చేతులు అతికే చిట్కా ఎనిమిదోది. "ఒంటి వైపు ఒక వరుసకు చేతి వైపు ఒక కుట్టు చొప్పున కలపండి, లెక్క తప్పదు." తప్పుతుంది, తప్పి తీరుతుంది. మామూలు అల్లికలో 10 సెంటీమీటర్లకు 20 కుట్లు పడితే వరుసలు 28 దాకా పడతాయి. కుట్టు వెడల్పుగా, వరుస పొట్టిగా ఉంటుంది. చేతి పైభాగం 36 సెంటీమీటర్లు అనుకోండి, అంటే 72 కుట్లు. అంతే పొడవున్న చంక చుట్టుకు 100 వరుసలు ఉంటాయి. ఒకటికి ఒకటి కలుపుతూ పోతే చేయి అయిపోయేసరికి ఇంకా 28 వరుసల చంక మిగిలి ఉంటుంది. దాన్ని లాగి, ముడతలు పెట్టి ఎలాగో కుట్టేస్తారు. తరువాత చేయి ఎత్తలేకపోతున్నామంటారు. ప్రతి 7 వరుసలకు 5 కుట్లు కలపండి. లెక్క గుర్తుండకపోతే చేతి మధ్య భాగాన్ని భుజం అతుకు దగ్గర పిన్ను పెట్టి, రెండు చివరలా రెండు పిన్నులు పెట్టి, మధ్యలోది సమానంగా పంచుకుంటూ కుట్టండి.

ఇప్పుడు తొమ్మిదోది. ఇది లేకపోతే ఈ మెసేజీ జోలికే వచ్చేదాన్ని కాదు.

"పసిపిల్లల టోపీలు, సాక్సులకు దారం కొసలు లోపల కుట్టుకుంటూ కూర్చోవద్దు. దగ్గరగా కత్తిరించి కొవ్వొత్తితో కాల్చేయండి. కొస గట్టిపడి ఎప్పటికీ ఊడదు."

పసిపిల్లల టోపీలకట! పెద్దవాళ్ళ మఫ్లరుకు చెప్పినా తప్పే, కానీ వెతికి వెతికి పసిపిల్లల బట్టలకే చెప్పారు. ఇది రాసినవాళ్ళు అలా కాల్చిన కొసను ఒక్కసారైనా వేలితో తడిమి చూశారా? ఆక్రిలిక్ కరిగి చల్లారితే ఆవగింజంత నల్లటి గట్టి పూస అవుతుంది, దానికి పదునైన అంచులుంటాయి. ఆ టోపీ వెళ్ళేది ఎక్కడికి? కల్యాణకట్టలో అప్పుడే గుండు చేయించుకుని, గంధం పూసుకున్న ఏడాది బిడ్డ తలమీదికి. ఆ చర్మం మీద కత్తి తిరిగి గంటైనా కాలేదు. చలికని తొడిగిన టోపీలో నాలుగు చోట్ల పూసలు గుచ్చుకుంటుంటే బిడ్డ ఏడుస్తుంది. చలికి ఏడుస్తోందని తల్లి టోపీని ఇంకా కిందికి లాగుతుంది. దేనికి ఏడుస్తున్నానో చెప్పే వయసు కాదు కదా అది!

పోనీ ఊడదన్న మాటైనా నిజమా? నైలాన్ తాడుకూ రిబ్బనుకూ కొస కాల్చడం అందరం చూసినదే, చిట్కా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. రిబ్బను సాగదు. అల్లిక తొడిగిన ప్రతిసారీ సాగుతుంది. ఆ పూస కొన్ని ఉతుకులకు విరిగి రాలిపోవచ్చు. కొసను ముందే దగ్గరగా కత్తిరించేశారు కాబట్టి తిరిగి కుట్టడానికి దారం ఉండదు, అక్కడి నుంచి కుట్లు జారడం మొదలవుతుంది. విరిగిన పూస పసిబిడ్డ నోట్లోకి పోవచ్చు. సాక్సులో ఊడిన దారం ఇంకా ప్రమాదం. అది కాలివేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆడదు, వేలు ఉబ్బి రంగు మారుతుంది. పిల్లల డాక్టర్లకు తెలిసిన సంగతే ఇది, వెంట్రుకతో కూడా ఇలా జరుగుతుంది. కారణం లేకుండా బిడ్డ ఏడుపు ఆపకపోతే సాక్సు తీసి వేళ్ళు చూడమంటారు.

ఆ కాల్చే పనైనా ఎలాంటిదనుకున్నారు? ఆక్రిలిక్ త్వరగా అంటుకుంటుంది, కరుగుతూ మండుతుంది. కరిగిన చుక్క చేతిమీద పడితే అంటుకుపోతుంది, దులిపినా పోదు. దాని పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. ఒక కొస కాల్చినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. తలుపులు మూసిన గదిలో, పక్కన బిడ్డను పడుకోబెట్టుకుని, ఒడిలో మిగతా ఊలంతా పెట్టుకుని కొవ్వొత్తి వెలిగించమని చెప్పడం మాత్రం బాధ్యత లేని మాట. ఊలు దగ్గర నిప్పుకు ఒకే ఒక పని ఉంది. కొన్నది ఉన్నో ఆక్రిలికో తెలియకపోతే చిన్న ముక్క తెంపి, నీళ్ళ గిన్నె మీద పటకారుతో పట్టుకుని కాల్చి చూడవచ్చు. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అవుతుంది. ఆక్రిలిక్ గట్టి పూస అవుతుంది. ఆ పూసను చూశాకైనా దాన్ని బిడ్డ టోపీలో ఉంచాలని ఎవరికి మనసొస్తుంది?

కొసను కనీసం 15 సెంటీమీటర్లు వదలండి. మొద్దు మొన సూదితో అతుకు లోపలి అంచు వెంట కొంత దూరం ఒకవైపు, తిరిగి వెనక్కి మరికొంత దూరం పోనిచ్చి, గుడ్డను ఒకసారి సాగదీసి వదిలి, అప్పుడు కత్తిరించండి. కొత్త ఉండ కలిపేటప్పుడు వరుస మధ్యలో కాకుండా అంచున కలిపితే కొసలన్నీ అతుకులోకే పోతాయి. పిల్లల టోపీని నాలుగు సూదుల మీద గుండ్రంగా అల్లితే అతుకే ఉండదు, మొదలు కొస, చివరి కొస మాత్రమే మిగులుతాయి. గుండు తలకైతే లోపల పాత నూలు బనీను గుడ్డతో పలుచని లైనింగ్ వేయండి. మెడ కింద ముడివేసే తాళ్ళు పెట్టకండి, అవి బిగుసుకుంటాయి.

ఇప్పటికే కాల్చిన టోపీలు ఇంట్లో ఉంటే పారేయనక్కర్లేదు. లోపలివైపు తిప్పి ప్రతి అంగుళం వేలితో తడమండి. పూస తగిలిన చోట దాన్ని వెంటనే కత్తిరించవద్దు, కుట్లు జారుతాయి. ముందు అదే రంగు ఊలు సూదికి ఎక్కించి, ఆ పూసకు రెండువైపులా ఐదారు కుట్ల మీదుగా, కింద ఉన్న కుట్టు ఆకారాన్నే అనుసరిస్తూ మళ్ళీ ఒక వరుస కుట్టండి. ఆ కొత్త దారం కొసలను అతుకులో దాచాక అప్పుడు పూసను కత్తిరించండి. సాక్సులను మాత్రం తొడిగే ముందు ప్రతిసారీ తిప్పి చూడండి.