బొగ్గు పన్ను చివరికి పడేది మన కరెంటు బిల్లు మీదే
కార్బన్ పన్ను (బొగ్గులాంటి ఇంధనాల కాలుష్యం మీద వేసే పన్ను) వేస్తే చాలు, బొగ్గు తగ్గి అణు విద్యుత్తు దానంతటదే వస్తుందని ఓ వ్యాసంలో రాశారు. ఆ మాట కాగితం మీదే బాగుంటుంది. అలాంటి పన్నే మన దేశంలో 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సుగా మొదలై 2016 నాటికి 400కు చేరింది, 2025లో ఎత్తేశారు. మన కృష్ణపట్నం థర్మల్‌లో ఉన్నటువంటి 800 మెగావాట్ల ఉత్పత్తి యూనిట్ ఫుల్ లోడు మీద నడిస్తే, దేశవాళీ బొగ్గయితే, గంటకు 500 టన్నులు అటూ ఇటూగా కాలుతుంది. అంటే బిల్లులో లెక్కేసే ఒక్క యూనిట్ కరెంటు మీద ఆ 400 రూపాయల సెస్సు పాతిక పైసలు పడేది. అలాంటి పన్ను ప్లాంటు జేబులోంచి పోదు. ఇంధన ఖర్చులో కలిసి డిస్కంకి (ఇళ్లకు కరెంటు పంచే సంస్థకు), అక్కడి నుంచి సర్దుబాటు ఛార్జీగా మన బిల్లులోకి దిగుతుంది. ఇక బొగ్గు తగ్గించాలని ప్లాంటుకేం పట్టింది? అణు కేంద్రానికి అసలు బరువు యురేనియం ధర కాదు, కట్టినన్నేళ్లూ అప్పు మీద పెరిగే వడ్డీ. దాని ఊసే ఆ వ్యాసంలో లేదు.