సవరణ: పాత థండర్‌బర్డ్ టైర్ల సంగతి

పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350 బైకు కొనేటప్పుడు గ్రిప్పు బాగుంటే టైర్లు మార్చక్కర్లేదని మొన్న రాశాను. గ్రిప్పు ఒక్కటే చాలదు, టైరు వయసు కూడా చూడాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి: 2316 అంటే 2016లో 23వ వారం తయారీ. ఒకవైపు కనపడకపోతే వంగి రెండోవైపు వెతకండి. హన్మకొండలో ఈమధ్య చూసిన బండికి గ్రిప్పు కొత్తదానిలాగే ఉంది, కానీ గోరు నొక్కితే రబ్బరు దిగలేదు, రిమ్ము దగ్గర సన్నటి పగుళ్లు. ఏళ్లతరబడి షెడ్డులో నిలబెట్టిన బండ్లలో ఇది మామూలే. ఎండాకాలం లగేజీతో లక్నవరం దాకా పోయేవాళ్లు అలాంటి టైరును అస్సలు నమ్మొద్దు. స్పోకు చక్రాలైతే ట్యూబు కూడా మార్చేయండి. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) విషయంలో మాత్రం మొన్న రాసినదాంట్లో మార్పు లేదు: 15 ఏళ్లు దాటిన బండికి రెన్యువల్ అయ్యాకే మొత్తం డబ్బులివ్వండి.