ఫ్రిజ్ తలుపు తెరవని తనిఖీ

క్లినిక్కు తనిఖీ అంటే మన దగ్గర జరిగే తంతు ఎవరికీ కొత్త కాదు. వైద్యారోగ్య శాఖ సిబ్బంది వస్తారు. గోడకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉందా, ఫీజుల పట్టిక కనబడేలా పెట్టారా, బోర్డు మీద పేరున్న డాక్టరే లోపల కూర్చున్నారా, ఆస్పత్రి వ్యర్థాలు తీసుకెళ్లే ఏజెన్సీతో ఒప్పందం ఉందా అని చూస్తారు. లోపముంటే నోటీసు, లేకుంటే సంతకం. ఇవేవీ అనవసరం కావు; నకిలీ డాక్టర్లు పట్టుబడుతున్నది ఇలాంటి తనిఖీల్లోనే. కాకపోతే ఆ సర్టిఫికెట్‌కూ టీకాల ఫ్రిజ్‌కూ మధ్య దూరం మహా అయితే పది అడుగులు. ఆ పది అడుగులు నడిచి, తలుపు తెరిచి, లోపల థర్మామీటర్ ఎంత చూపుతోందో రాసుకునే అలవాటు మన తనిఖీలకు ఇంకా అబ్బలేదు.

ఈ విషయంలో ఇంగ్లండ్ అనుభవం చూడదగ్గది. అక్కడ ఎవరికి ఏ జబ్బు చేసినా ముందు వెళ్లేది తాము నమోదైన ఫ్యామిలీ డాక్టరు (జీపీ) దగ్గరికే. జీపీ ప్రాక్టీసులని పిలిచే ఈ క్లినిక్కులు ఆరు వేల పైచిలుకు ఉన్నాయి. ఒక్కోదాని జాబితాలో సగటున పది వేల మంది రోగులుంటారు. 2009లో ఏర్పడ్డ తనిఖీ సంస్థ కేర్ క్వాలిటీ కమిషన్ దగ్గర 2013 ఏప్రిల్ నుంచి ఇవన్నీ తప్పనిసరిగా నమోదు కావాల్సి వచ్చింది. కమిషన్ అడిగే ప్రశ్నలు ఐదు: రోగికి భద్రత ఉందా, వైద్యం ఫలిస్తోందా, ఆదరంగా చూస్తున్నారా, అవసరానికి అందుబాటులో ఉంటున్నారా, నిర్వహణ సవ్యంగా ఉందా. జవాబులను బట్టి ‘అత్యుత్తమం’, ‘బాగుంది’, ‘మెరుగుపడాలి’, ‘అధ్వానం’ అని నాలుగింటిలో ఒక ముద్ర పడుతుంది. ఆ ముద్రను క్లినిక్కు గుమ్మంలోనూ వెబ్‌సైట్లోనూ రోగులకు కనబడేలా పెట్టి తీరాలి. నివేదిక మొత్తం ఎవరైనా చదువుకోవచ్చు.

తనిఖీ ఇంత లోతుకు వెళ్లడానికి ముందు ఆ దేశం ఒక ఘోరాన్ని చూసింది. మాంచెస్టర్ పక్కన హైడ్ పట్టణంలో ఒంటరిగా ప్రాక్టీసు చేసిన హెరాల్డ్ షిప్‌మన్ 15 మంది రోగులను డయామార్ఫిన్ అనే మత్తుమందు ఇంజెక్షన్లతో చంపినట్టు 2000 జనవరిలో రుజువైంది. న్యాయ విచారణ లెక్కలో మృతులు 215 మందికి చేరారు. అప్పట్లో దహనానికి ముందు రెండో డాక్టరు సంతకం కావాల్సి ఉండేది గనుక ఆయన పంపే కాగితాల మీద సంతకాలు పెట్టిపెట్టి, ఇన్ని చావులేమిటని అనుమానించింది పక్క క్లినిక్కు డాక్టర్లు. 1998 మార్చిలో పోలీసుల దాకా వెళ్లినా మొదటి దర్యాప్తు ఏమీ తేల్చకుండానే ముగిసింది. మత్తుమందుకు సంబంధించి ఆయనకు 1976లోనే పడిన శిక్షను కూడా ఎవరూ తిరగేయలేదు. రోగుల దృష్టిలో ఆయన మంచి డాక్టరు. పేరు చూసి, మర్యాద చూసి వేసే మార్కులకు విలువెంతో అక్కడ తేలిపోయింది.

ఇప్పుడు అక్కడి తనిఖీలో అసలు పని క్లినిక్కు గడప తొక్కకముందే మొదలవుతుంది. కమిషన్ తరఫున వచ్చే మరో జీపీ ఆ క్లినిక్కు కంప్యూటర్‌లోని రోగుల రికార్డులను ముందే సిద్ధం చేసిన కొన్ని ప్రశ్నలతో జల్లెడ పడతారు. రికార్డులు చూసే అధికారం చట్టం ఇచ్చినదే. ఆ ప్రశ్నలు ఎలాంటివో ఒకటి రెండు చూస్తే చాలు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారు ఎందరు? వారిలో రక్తపరీక్ష గడువు దాటినవారు ఎందరు? ఈ మందు ఎముక మూలుగను అణచి తెల్లకణాలను పడగొట్టగలదు, కాలేయాన్ని దెబ్బతీయగలదు. మోతాదు కుదురుకున్నాక కూడా మూడు నెలలకోసారి పరీక్ష ఉండాల్సిందే. ‘ఆ పరీక్షలు పెద్దాస్పత్రిలో చేస్తున్నారండీ’ అన్నది క్లినిక్కుల నుంచి మామూలుగా వచ్చే జవాబు. దాని మీద ఇంకో ప్రశ్న పడుతుంది: మందు చీటీ మీద సంతకం పెట్టే ముందు ఆ ఫలితం మీరు చూశారా? చూసినట్టు రికార్డులో లేకపోతే తప్పు సంతకం పెట్టినవారిదే.

ఇలాంటిదే ఆస్తమా. ఏడాదిలో రెండు, అంతకు మించి స్టెరాయిడ్ కోర్సులు వాడాల్సి వచ్చినవారు, పన్నెండుకు పైగా నీలం ఇన్‌హేలర్లు తీసుకెళ్లినవారు ఎవరెవరో జాబితా తీస్తారు. నీలం ఇన్‌హేలర్ అప్పటికి ఊపిరి ఆడేలా చేస్తుందే తప్ప వాపును తగ్గించదు. అది నెలకొకటి ఖాళీ అవుతోందంటే రోజూ పీల్చాల్సిన రెండో ఇన్‌హేలర్ మూలన పడిందని అర్థం. అలాంటి రోగిని పిలిచి మాట్లాడకుండా చీటీ మీద చీటీ ఇస్తూ పోయిన క్లినిక్కుకు గోడలు ఎంత తెల్లగా ఉన్నా మార్కులు పడవు. స్టెంటు పడ్డవారికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్‌తో పాటు గ్యాస్‌కని ఒమెప్రజోల్ రాసి ఉంటే అదీ జల్లెడలో పడుతుంది. క్లోపిడోగ్రెల్‌ను పనిచేసే రూపంలోకి మార్చే కాలేయ ఎంజైమును ఒమెప్రజోల్ అడ్డుకుంటుంది. ఈ జంటను మన మందుల సంచుల్లో వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు.

రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం దాటినా రికార్డులో ‘మధుమేహం’ అని నమోదు కానివారి సంగతి ఇంకా విచిత్రం. పరీక్ష జరిగింది, ఫలితం వచ్చింది, డాక్టరు చూశారు కూడా. పేరు మాత్రం ఆ జబ్బు జాబితాలోకి ఎక్కలేదు. కంటి పరీక్షకూ పాదాల పరీక్షకూ పిలుపు వెళ్లేది ఆ జాబితా నుంచే. అందులో లేనివారికి ఏళ్లు గడిచినా పిలుపు రాదు.

జాబితాలో అంకె పెద్దదైనంత మాత్రాన తీర్పు చెప్పేయరు. నాలుగైదు రికార్డులు తెరిచి వరుసగా చదువుతారు. ‘మందుల సమీక్ష జరిగింది’ అని ఒక్క మీట నొక్కి, ఏ మందు గురించి ఏం మాట్లాడారో ఒక్క ముక్క కూడా రాయని బాపతు బయటపడేది ఇక్కడే. వాడే మందులు పన్నెండు, సమీక్షకు పట్టిన సమయం ఒక నిమిషం అయితే ఆ సమీక్ష ఎలాంటిదో చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు.

తర్వాత ఫ్రిజ్. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ప్రస్తుతం ఎంత ఉంది, గత లెక్క తర్వాత అతి తక్కువ ఎంతకు దిగింది, అతి ఎక్కువ ఎంతకు ఎక్కింది అనే మూడు అంకెలూ క్లినిక్కు తెరిచిన ప్రతి రోజూ రాయాలి. రాశాక థర్మామీటర్‌ను రీసెట్ చేయాలి. పొరపాటు ఎక్కువగా జరిగేది ఈ చివరి మెట్టు దగ్గరే. సోమవారం ఎవరో తలుపు సరిగా వేయక 11కి ఎక్కిందనుకుందాం. రీసెట్ చేయకపోతే మంగళవారమూ 11, బుధవారమూ 11 అనే చూపుతుంది. ‘రోజూ అంతే చూపిస్తుందిలే’ అన్న ధీమాతో నిజంగా మళ్లీ ఎక్కిన రోజును కూడా ఎవరూ పట్టించుకోరు. ఇంకో రకం రిజిస్టరు ఉంటుంది: నెల పొడుగునా 4, 4, 4 అని ఒకే సిరాతో, ఒకే దస్తూరితో, సెలవు రోజుల్లో కూడా. అది నెలాఖరున కూర్చుని నింపినదని కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టరు కూడా చెప్పగలడు. అందుకే రిజిస్టరు చూసి ఊరుకోకుండా, ‘8 దాటితే ఏం చేస్తారు?’ అని నర్సును అడుగుతారు. ఫ్రిజ్‌కు ‘వాడరాదు’ అని చీటీ అంటించి, టీకాలను వేరే ఫ్రిజ్‌లోకి చేర్చి, ఎంతసేపు ఎంత వేడిలో ఉన్నాయో రాసి, పారేయాలో వద్దో పైవారిని అడిగి తేల్చుకుంటామన్నది సరైన జవాబు. ప్లగ్గు దగ్గర ‘తీయవద్దు’ అని రాసి ఉందో లేదో కూడా చూస్తారు. నవ్వొచ్చే సంగతే గానీ, ఊడ్చే మనిషి వాక్యూమ్ క్లీనర్ కోసం ఫ్రిజ్ ప్లగ్గు పీకేస్తే లోపలి సరుకంతా చెత్తబుట్ట పాలే.

అత్యవసర మందుల పెట్టె సంగతీ ఇంతే. అడ్రినలిన్, ఆస్ప్రిన్, సాల్బ్యుటమాల్, మూర్ఛకు నోట్లో వేసే మిడజొలామ్, మెదడు పొర వాపు అనుమానం వస్తే బెంజైల్‌పెనిసిలిన్ లాంటి మందులు ఉండాలి. ఏదైనా పెట్టుకోకపోతే ఎందుకు అక్కర్లేదనుకున్నారో రాసి ఉంచాలి. ఆక్సిజన్ సిలిండర్‌లో గ్యాసుందా, గుండెకు షాకిచ్చే యంత్రం ప్యాడ్ల గడువు దాటిందా, ఆక్సిమీటరుకు పిల్లల ప్రోబ్ ఉందా అని చూస్తారు. ఆ పెట్టె ఎక్కడుందని డాక్టర్నే కాక రిసెప్షనిస్టునూ అడుగుతారు. కుప్పకూలిన మనిషిని ముందు చూసేది వాళ్లేగా.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. టీకా వేసే నర్సుకు రాతపూర్వక అనుమతి పత్రం ఉండాలి. పైఅధికారి సంతకమయ్యాక ఖాళీ గడుల్లో కొత్త పేర్లు చేరిస్తే ఆ కొత్తవారికి ఆ పత్రం చెల్లదు. ఖాళీ మందుచీటీల వరుస నంబర్లకు లెక్క ఉండాలి. క్యాన్సర్ అనుమానంతో పంపిన రోగి పెద్దాస్పత్రికి నిజంగా వెళ్లాడా అని వెంటపడి కనుక్కునే ఏర్పాటు ఉండాలి.

ఇంత పకడ్బందీ వ్యవస్థ కూడా చతికిలపడింది. 2023 చివర్లో కమిషన్ తన పద్ధతి మొత్తాన్ని మార్చి 34 అంశాల కొత్త చట్రం తెచ్చింది. దానికి తోడు కొత్త కంప్యూటర్ వ్యవస్థ మొరాయించింది. కమిషన్ పనితీరు సమీక్షకు ప్రభుత్వం నియమించిన డాక్టర్ పెన్నీ డ్యాష్ 2024 జులైలో ఇచ్చిన మధ్యంతర నివేదిక ప్రకారం 2019-20లో 16 వేలకు చేరువగా ఉన్న తనిఖీలు 2023-24కి 7 వేలకు పడిపోయాయి. ఆస్పత్రులు, వృద్ధాశ్రమాలతో కలిపి కమిషన్ పరిధిలోని కేంద్రాల్లో ప్రతి ఐదింటిలో ఒకదానికి అసలు ముద్రే పడలేదు. ఆరోగ్య మంత్రి వెస్ స్ట్రీటింగ్ ఈ సంస్థ పనికిరాకుండా పోయిందని బాహాటంగానే అన్నారు. ఏళ్ల నాటి ‘బాగుంది’ బోర్డు గుమ్మంలో వేలాడుతుంటే అది రోగిని తప్పుదారి పట్టిస్తుంది. ఈలోగా డాక్టరు మారొచ్చు, మేనేజరు మారొచ్చు, ఫ్రిజ్ కూడా మారొచ్చు.

మరో ఫిర్యాదూ ఉంది, అందులో మనవాళ్ల ప్రమేయమూ ఉంది. ఆంధ్రా మెడికల్ కాలేజీలోనో ఉస్మానియాలోనో చదివి వెళ్లి ఇంగ్లండ్‌లో జీపీలుగా స్థిరపడ్డ తెలుగువారు ఎందరో. మైనారిటీ జాతుల డాక్టర్లు నడిపే క్లినిక్కులు పేదల వాడల్లో ఎక్కువగా ఉన్నాయనీ, తమ పద్ధతి వారికి ప్రతికూలంగా పనిచేసే అవకాశం ఉందనీ కమిషనే 2022లో నివేదిక ఇచ్చింది. రోగాలు ఎక్కువ, చేతులు తక్కువ ఉన్న చోట ఫైళ్లు అందంగా ఉండవు. ఫైలుకు మార్కులేసే తనిఖీ ఏదైనా ఈ తప్పులో పడుతుంది.

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థల నియంత్రణకు 2002 నాటి రాష్ట్ర చట్టం ఉంది. తెలంగాణ 2010 నాటి కేంద్ర చట్టాన్ని చేపట్టింది. కేంద్ర చట్టంలో రిజిస్ట్రేషన్ లేకపోతే తొలిసారి 50 వేల రూపాయల దాకా, పదేపదే తప్పు చేస్తే 5 లక్షల దాకా జరిమానా ఉంది. ప్రవేశించి తనిఖీ చేసే అధికారమూ ఉంది. చట్టానికి కొరత లేదు. తనిఖీ బృందం తెరిచి చూడటానికి లోపల రికార్డు ఉండాలి కదా, అక్కడే వస్తోంది చిక్కు. రోగి వస్తాడు, డాక్టరు చీటీ రాస్తారు, చీటీ రోగి జేబులో ఇంటికి పోతుంది. క్లినిక్కులో మిగిలేది పేరు, వయసు, ఫీజు రాసిన పుస్తకం మాత్రమే. వైద్యుల ప్రవర్తనా నియమావళి కూడా మూడేళ్లు రికార్డు దాచమన్నది చేర్చుకున్న రోగుల విషయంలోనే; ఓపీ రోగుల ఊసు అందులో లేదు. కేంద్ర చట్టం కింద 2012లో వచ్చిన నిబంధనలు ప్రతి రోగికీ ఎలక్ట్రానిక్ రికార్డు ఉండాలన్నాయి. ఆ నిబంధన ఎక్కడ అమలవుతోందో ఏ వీధి క్లినిక్కుకు వెళ్లి చూసినా తెలుస్తుంది.

అలాగని మనకు చేతకాదనుకోవడం పొరపాటు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు జాతీయ నాణ్యతా ప్రమాణాల కింద జరిగే మదింపులో పరిశీలన, సిబ్బందితో మాట, రికార్డుల సమీక్ష, రోగితో మాట అన్నీ ఉన్నాయి. అంశం అంశానికీ 0, 1, 2 మార్కులు వేస్తారు, గుర్తింపుకు 70 శాతం రావాలి. టీకాలుండే ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటరు వేడిని రోజుకు రెండుసార్లు రాయడం అక్కడి సిబ్బందికి నిత్యకృత్యం. ఆ పక్క వీధిలో ఫీజు తీసుకుని అవే టీకాలు వేసే ప్రైవేటు క్లినిక్కులో ఇంట్లో వాడే ఫ్రిజ్ ఉంటుంది. డీప్‌ఫ్రీజర్ కింది అరలో పెట్టిన పెంటావాలెంట్, హెపటైటిస్-బి టీకాలు గడ్డకడితే అందులోని అల్యూమినియం లవణం ముద్దలు కట్టి మందు చచ్చుబడుతుంది. సీసా మీది రంగు గుర్తు వేడిని చెబుతుంది తప్ప గడ్డకట్టడాన్ని చెప్పదు. తలుపు అరలో పెడితే తెరిచినప్పుడల్లా వేడి. కరెంటు పోయిన రాత్రి లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

రెండు ప్రభుత్వాలూ జిల్లా వైద్యాధికారుల తనిఖీ ఫారంలో కొన్ని గడులు చేరిస్తే ఈ పని మొదలవుతుంది. ఫ్రిజ్‌లోని మూడు అంకెలు, అడ్రినలిన్ గడువు తేదీ, ఆక్సిజన్ మీటరు చూపే అంకె, సూదులు వేసే తెల్ల డబ్బా నిండిందా, వ్యర్థాలు 48 గంటలు దాటి నిలవున్నాయా: ఇవి చూడటానికి అరగంట చాలు, ప్రత్యేక నిపుణుడూ అక్కర్లేదు. ఓపీ చీటీకి కార్బన్ నకలో, ఫోన్‌తో తీసిన ఫొటోనో క్లినిక్కులో ఉంచుకోవడం రెండో మెట్టు. తనిఖీలో కనబడ్డది కనబడ్డట్టు జిల్లా వెబ్‌సైట్లో, తేదీతో సహా, నెల తిరక్కుండా పెట్టాలి. దీర్ఘరోగులకు రాసిన ఇరవై చీటీల నకళ్లు ఏడాదికోసారి మరో డాక్టరు చేత చదివించాలి. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ పేరు పక్కన ‘వారానికి ఒక్కసారి, సోమవారం’ అని తెలుగులో రాసి ఉందా, లేక రోజూ వేసుకోమన్నట్టు ఒక గీత గీసి వదిలేశారా అన్నది ఆ ఇరవై చీటీల్లో ముందుగా వెతకాల్సిన సంగతి.